కంప్రెషన్ గేజ్, లీక్‌డౌన్ టెస్టర్: చిన్న కారు హెడ్ దింపించే ముందు కొనదగినవేనా?

చిన్న పెట్రోల్ కారు ఐడ్లింగ్‌లో వణుకుతూ, మిస్సింగ్ కొడుతూ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేక ఈడుస్తూ ఉంటే హైదరాబాద్ షెడ్లలో తరచుగా వినబడే మాట "హెడ్ దింపి చూడాలె సార్" అని. హెడ్ అంటే సిలిండర్లను పైనుంచి మూసే, వాల్వులుండే భాగం; అది దింపడమంటే కొత్త గ్యాస్కెట్, కూలెంట్, ఆయిల్, లేత్ పని, వాటిపైన కూలి. అంతా అయ్యాక తేలింది టాపెట్ (వాల్వును నొక్కి తెరిచే భాగం) సందు లేక బిగుసుకుపోయిందనో, టైమింగ్ బెల్టు (క్రాంక్‌తో పాటు వాల్వులను తెరిచే కామ్ షాఫ్టును తిప్పే బెల్టు) ఒక పన్ను జారిందనో అయితే ఆ ఖర్చులో చాలా భాగం దండుగ. హెడ్ దింపాలా వద్దా అన్నది ప్లగ్గు రంధ్రం గుండానే తేల్చే సామాను బజార్లో దొరుకుతోంది. పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ పెట్టెల్లో రాణిగంజ్ టూల్స్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే కంప్రెషన్ గేజ్ కిట్ (సిలిండర్‌లో గాలి ఎంత ప్రెషర్‌కు నలుగుతోందో కొలిచేది), లీక్‌డౌన్ టెస్టర్ (ఆ గాలి ఎంత, ఎటు కారుతోందో చెప్పేది), వీటికి తోడు వ్యాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో చూపేది), బ్లూటూత్ ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివేది) ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ సమీక్ష. చూసింది ఎక్కువగా మూడు సిలిండర్ల మారుతి ఇంజన్లను మనసులో పెట్టుకుని: పాత 800, ఆల్టోల్లోని 796 సీసీ బెల్టు ఇంజన్లు, ఆల్టో కే10, వ్యాగనార్‌లలోని 998 సీసీ చైన్ ఇంజన్.

తీర్పు ముందే చెప్పేస్తే: కంప్రెషన్ గేజ్ ఒక్కటే కొంటే సగం జవాబే వస్తుంది, లీక్‌డౌన్ టెస్టర్ ఒక్కటే కొన్నా అంతే. రెండూ ఉంటే టైమింగ్ జబ్బేదో, వాల్వు జబ్బేదో విడదీసి చెప్పొచ్చు. వ్యాక్యూమ్ గేజ్ ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది. ఓబీడీ రీడర్ చవక కాబట్టి కొనండి, కానీ అది చెప్పిందే వేదమనుకోవద్దు.

కంప్రెషన్ గేజ్ కిట్

ఇందులో రెండు రకాలున్నాయి. చివర రబ్బరు శంఖం ఉండి ప్లగ్గు రంధ్రానికి చేత్తో అదిమి పట్టేది ఒకటి, మరతో బిగించే రబ్బరు పైపు ఉన్నది రెండోది. మొదటిది ఎంత చవకైనా వద్దు. కే10 ఇంజన్‌లో ప్లగ్గు లోతైన బావిలో ఉంటుంది, రబ్బరు శంఖం అక్కడి దాకా సరిగ్గా కూర్చోదు. పాత 800లో అందినా, అదిమే చేతి బలాన్ని బట్టి అంకె మారుతుంది. వాల్వు లీకా, చేతి లీకా అన్న అనుమానం కోసం డబ్బు పెట్టడం దేనికి.

మర రకం కిట్ వెయ్యి, రెండు వేల మధ్యలో దొరుకుతుంది. గేజ్, రబ్బరు పైపు, 10, 12, 14, 18 మిల్లీమీటర్ల అడాప్టర్లు, గాలి వదిలే బొత్తాం. మీ బండి ప్లగ్గు ఒకటి విప్పి తీసుకెళ్ళి మర సైజు దుకాణంలోనే సరిచూసుకోండి. సైజు కుదిరితే సరిపోదు, అడాప్టర్ మర పొడవు కూడా ప్లగ్గు మర పొడవుకు దగ్గరగా ఉండాలి. మరీ పొట్టిదైతే అల్యూమినియం హెడ్‌లో రెండు చుట్లే పట్టుకుని మరలు పీకుతుంది, మరీ పొడుగైతే లోపలికి పొడుచుకెళ్తుంది.

చవక కిట్లలో అసలు దొంగ ఆ రబ్బరు పైపే. గాలిని వెనక్కి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు పైపు ప్లగ్గు రంధ్రం వైపు కొసన ఉండాలి. కొన్ని కిట్లలో అది గేజ్ దగ్గర ఉంటుంది. అప్పుడు పైపులోని ఖాళీ అంతా దహన గదిలో కలిసిపోతుంది. పెద్ద ఇంజన్‌లో ఇది పెద్ద లెక్క కాదు, 796 సీసీ ఇంజన్‌లో మాత్రం లెక్కే. ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే పీల్చిన గాలి ఎన్నో వంతు చోటులోకి నలుగుతుందన్న లెక్క, 9 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 33 సీసీ. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు, పొడవు 30 సెంటీమీటర్లు ఉన్న పైపులో ఖాళీ ఎనిమిదిన్నర సీసీ. అది కలిస్తే నిష్పత్తి 9 నుంచి దాదాపు 7.4కు పడిపోతుంది. ఇంజన్ భేషుగ్గా ఉన్నా గేజ్ మాత్రం "ఇంజన్ పని" అంటుంది. దుకాణంలో పైపు కొసలోకి చూడండి, సైకిల్ ట్యూబు పిన్ను లాంటిది కనిపించాలి. అది తర్వాత పాడైతే పంక్చర్ షాపులో దొరికే మామూలు టైరు పిన్ను వేయొద్దు. దాని స్ప్రింగు గట్టిది, దాన్ని తోయడానికే కొంత ప్రెషర్ పోయి అంకె తగ్గుతుంది. కంప్రెషన్ గేజ్‌కు మెత్తటి స్ప్రింగు పిన్ను వేరే వస్తుంది. కొనేటప్పుడే రెండు ఎక్కువ అడిగి తీసుకోండి.

ఇంకో తలనొప్పి: పైపు తిప్పి తీసేటప్పుడు అడాప్టర్ హెడ్‌లోనే ఉండిపోవడం. లోతైన బావిలో అయితే దాన్ని బయటికి లాగడం ఒక పూట పని. అడాప్టర్‌ను పైపుకు పానాతో గట్టిగా బిగించి, హెడ్‌లోకి మాత్రం చేత్తోనే బిగించండి. ఓ-రింగ్ ఉంది కాబట్టి చేతి బిగువు చాలు.

గేజ్ అంకెల నిక్కచ్చితనం గురించి ఆశలు పెట్టుకోవద్దు. కంప్రెసర్ రెగ్యులేటర్‌ను 100 పీఎస్ఐ దగ్గర పెట్టి ఈ గేజ్‌ను తగిలించి చూస్తే ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది. ఆ తేడాను పెట్టె మూత మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి. మనకు ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. ఆ పని చవక గేజ్ కూడా చేస్తుంది.

కొలిచే తీరు

ఇంజన్‌ను బాగా వేడెక్కించి ఆపండి. ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊది, మూడు ప్లగ్గులూ విప్పండి. ఒక్కటే విప్పి కొలిస్తే సెల్ఫ్ మోటారుకు బరువెక్కి ఇంజన్ నిదానంగా తిరుగుతుంది. కాయిళ్ళ కనెక్టర్లు ఊడదీయండి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు లేదా రిలే తీసేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. థ్రాటిల్ మూసి కొలిస్తే లోపలికి గాలే రాదు, అంకె తప్పు. వైరుతో నడిచే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండ్లలో పెడల్ తొక్కినా ప్లేటు సగమే తెరుచుకోవచ్చు. అక్కడ కనీసం మూడింటినీ ఒకే తీరుగా కొలవండి, వేలితో ప్లేటు నెట్టొద్దు.

బ్యాటరీ నిండుగా ఉండాలి. మూడో సిలిండర్‌కు వచ్చేసరికి బ్యాటరీ నీరసించి, మూడోది చెడిపోయిందని తేల్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. అనుమానం ఉంటే మొదటి సిలిండర్‌ను చివర్లో మళ్ళీ కొలవండి.

ఒక్కో సిలిండర్‌కు ఐదారు పఫ్‌లు (పిస్టన్ ఒక్కసారి గాలిని నొక్కితే ఒక పఫ్) వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. చివరి అంకెతో పాటు మొదటి పఫ్ అంకె కూడా రాసుకోండి, ఇక్కడే సమాచారం ఉంది. మొదట తక్కువగా మొదలై ఒక్కో పఫ్‌కు నెమ్మదిగా ఎక్కుతూ పోతే పిస్టన్ రింగుల వైపు చూడాలి. మొదట తక్కువే, చివరికీ పెద్దగా ఎక్కకపోతే వాల్వు.

ఆరోగ్యంగా ఉన్న చిన్న పెట్రోల్ ఇంజన్ సాధారణంగా 160 నుంచి 200 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది. మీ ఇంజన్ అసలు లెక్క వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. కానీ మన ఊరికి ఒక సవరణ ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్ర తీరంలో ఉండే 101 కిలోపాస్కళ్ళ బదులు 95 దగ్గర ఉంటుంది, అంటే 6 శాతం తక్కువ. విశాఖలో 180 చూపించే ఇంజన్ ఇక్కడ 170 చూపిస్తే అది అరుగుదల కాదు, ఎత్తు. మాన్యువల్ కనిష్ఠ హద్దుకు ఐదారు అంకెలు కింద ఉందని హెడ్ దింపించే ముందు ఈ లెక్క వేసుకోండి. సిలిండర్ల మధ్య తేడాకు మాత్రం ఈ మినహాయింపు లేదు. అన్నిటికన్నా ఎక్కువ చూపించిన దానికీ తక్కువ చూపించిన దానికీ మధ్య 10 శాతానికి మించి తేడా ఉంటే ఏదో ఉన్నట్టే.

అంకెలు చదివే పద్ధతి ఇది. ఒక్క సిలిండర్ పడిపోయి మిగతా రెండు బాగుంటే వాల్వో, రింగులో. పక్కపక్కన ఉన్న రెండు పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. మూడూ దాదాపు సమానంగా, అంటే 120, 115, 120 అన్నట్టు పడిపోతే వాల్వుల జోలికి వెళ్ళకండి, ముందు టైమింగ్ చూడండి. కామ్ వెనకబడితే ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ పైకి వస్తుండగా లోపలికి పీల్చిన గాలి కొంత తిరిగి మానిఫోల్డ్‌లోకి, అంటే అది వచ్చిన గొట్టంలోకే, పోతుంది. మూడింటికీ ఒకటే కామ్ కాబట్టి మూడూ ఒకేలా పడతాయి. రింగులు, వాల్వులు ఇంత సమానంగా చెడిపోవడం అరుదు.

ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే చేసే తడి పరీక్ష, అంటే ప్లగ్గు రంధ్రంలో ఆయిల్ పోసి మళ్ళీ కొలవడం, చిన్న ఇంజన్‌లో జాగ్రత్తగా చేయాలి. టీ స్పూను ఆయిల్, అంటే 5 మిల్లీలీటర్లు పోయమని అందరూ చెబుతారు. 33 సీసీ గదిలో 5 మిల్లీలీటర్లు పోస్తే గదే 28కి తగ్గి, నిష్పత్తి 9 నుంచి పదిన్నరకు పోతుంది. రింగులు బాగున్నా అంకె ఎక్కుతుంది, "రింగులు పోయినయ్" అని తప్పు తీర్పు వస్తుంది. సగం స్పూను చాలు. అదే మోతాదు బాగున్న సిలిండర్‌లో కూడా పోసి అందులో ఎంత ఎక్కిందో చూడండి. చెడిన దాంట్లో అంతకన్నా బాగా ఎక్కితేనే రింగులు. రెండింట్లోనూ ఒకేలా ఎక్కితే ఆ ఎక్కింది ఆయిల్ వల్లే.

లీక్‌డౌన్ టెస్టర్

కంప్రెషన్ గేజ్ ఎంత పోయిందో చెబుతుంది, లీక్‌డౌన్ ఎటు పోతోందో చెబుతుంది. రెండు గేజ్‌లు, మధ్యలో దాదాపు 1 మిల్లీమీటర్ సన్న రంధ్రం. మొదటి గేజ్ లోపలికి పంపే ప్రెషర్, రెండోది సిలిండర్‌లో నిలిచిన ప్రెషర్ చూపిస్తాయి. మొదటిది 100 దగ్గర పెడితే లెక్క సులువు: రెండోది 88 చూపిస్తే లీకు 12 శాతం. 10 లోపు చాలా బాగు, 20 దాకా నడిచిన ఇంజన్‌కు ఫరవాలేదు, 30 దాటితే జబ్బు.

కంప్రెషన్ కిట్‌కు రెండు మూడింతల ధర ఉంటుంది. కొన్ని చవక రకాల్లో రెండో గేజ్‌కు అంకెలు ఉండవు, పచ్చ, పసుపు, ఎరుపు రంగులే. అవి వద్దు. వాటితో శాతం కట్టలేం, ఈ నెల కొలత మళ్ళీ వచ్చే ఏడాది కొలతతో పోల్చలేం. రెండు గేజ్‌లకూ 100 దాకా అంకెలున్నదే తీసుకోండి. దుకాణంలో కంప్రెసర్ ఉంటే పైపు కొస మూసి గాలి పెట్టమనండి. రెండు ముల్లులూ ఒకే అంకె దగ్గర నిలవాలి. తేడా ఉంటే ఇంకోటి తీయమనండి. రెగ్యులేటర్ నాబ్ పట్టుకుని వదిలాక ముల్లు దానంతటదే జారుతుంటే అది కూడా పనికిరాదు. ఇంటికొచ్చాక ఒక మూతకు 1 మిల్లీమీటర్ రంధ్రం వేయించి దాచుకుంటే, ఎప్పుడు బిగించినా ఒకే అంకె చూపించాలి. టెస్టర్ మారిందో ఇంజన్ మారిందో అలా తెలుస్తుంది.

దీనికి గాలి కావాలి, ఇదే దీని పెద్ద లోపం. డిక్కీలో పెట్టుకునే 12 వోల్టుల టైరు ఇన్‌ఫ్లేటర్ చాలదు. లీకు ఉన్న సిలిండర్‌కు అది అందించే గాలి సరిపోక మొదటి గేజే 100 దగ్గర నిలవదు. 25 లీటర్ల ట్యాంకు ఉన్న చిన్న కంప్రెసర్ అయినా ఉండాలి. ఇంట్లో లేకపోతే పంక్చర్ షాపు పక్కన బండి పెట్టుకుని, అతనితో మాట్లాడుకుని ఒక గంట గాలి తీసుకోవడమే దారి.

కొలిచే సిలిండర్‌లో పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైకొసన ఉండాలి. ప్లగ్గు రంధ్రంలో పొడుగు ప్లాస్టిక్ స్ట్రా పెట్టి, క్రాంక్ పుల్లీని పానాతో తిప్పుతూ చూడండి. స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, ఏటవాలు రంధ్రంలో ఇరుక్కుని పిస్టన్‌ను గీస్తుంది. స్ట్రా ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర కూడా పైకే వస్తుంది కాబట్టి, రంధ్రం మీద వేలు పెట్టి గాలి తోస్తోందో లేదో చూసి నిర్ధారించుకోండి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో పేలుడు వరస 1-3-2. మొదటిది పైకొసన ఉన్నప్పుడు పుల్లీ మీద చాక్‌పీసుతో మూడు సమ భాగాలు, అంటే 120 డిగ్రీలకు ఒక గీత, గీసుకుంటే పని సులువు. అక్కడి నుంచి 240 డిగ్రీలు, అంటే రెండు గీతలు తిప్పితే మూడో సిలిండర్, మరో రెండు గీతలకు రెండోది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పుల్లీ బోల్టు మీద పానా అలాగే వదిలి గాలి పెట్టొద్దు. 796 సీసీ ఇంజన్ బోరు 68.5 మిల్లీమీటర్లు. 100 పీఎస్ఐ గాలి ఆ పిస్టన్ మీద దాదాపు 260 కిలోల బరువుతో నొక్కుతుంది. పిస్టన్ సరిగ్గా కొసన లేకపోతే క్రాంక్ గిర్రున తిరిగి పానా చేతిని విరగ్గొడుతుంది. పానా తీసేసి, బండిని నాలుగో గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్ళు పెట్టి, గాలిని నెమ్మదిగా పెంచండి.

తర్వాత చెవి పని. ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడదీసి థ్రాటిల్ దగ్గర "స్..." మంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ గొట్టం దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ మూత దగ్గర కొంచెం చప్పుడు ఏ ఇంజన్‌కైనా ఉంటుంది, బాగా ఊదుతుంటే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు. పక్క ప్లగ్గు రంధ్రంలోంచి వస్తే ఆ రెంటి మధ్య గ్యాస్కెట్. అర మీటరు రబ్బరు పైపును చెవికి పెట్టుకుంటే రోడ్డు చప్పుడులో కూడా తేడా తెలుస్తుంది.

వాల్వు లీకని తేలిన వెంటనే హెడ్ దింపాలని కాదు. పాత 800 లాంటి రాకర్ ఆర్మ్ ఇంజన్‌లో రాకర్ కవర్ విప్పి, ఆ వాల్వు టాపెట్ స్క్రూను, గాలి పెట్టి ఉండగానే, కొంచెం వదులు చేయండి. చప్పుడు ఆగిపోయిందా, వాల్వు మంచిదే, టాపెట్ బిగుసుకుని దాన్ని పూర్తిగా కూర్చోనివ్వడం లేదు. హెడ్ దింపే ఖర్చు ఫీలర్ గేజ్ ఖర్చుగా మారిపోయింది. ఈ ఒక్క పరీక్ష కోసమైనా లీక్‌డౌన్ కొనొచ్చని మా అభిప్రాయం. ఆగకపోతే వాల్వు కాండం కొసన చెక్క పుల్ల ఆనించి చిన్న దెబ్బ వేసి మళ్ళీ వినండి. సీటులో ఇరుక్కున్న మసి పలుకు ఎగిరిపోవచ్చు. అప్పటికీ ఆగకపోతేనే హెడ్, ల్యాపింగ్ (వాల్వును సీటుకు రుద్ది కూర్చోబెట్టడం), సీటు కటింగ్ మాటలు. కే10 ఇంజన్‌లో ఈ వెసులుబాటు లేదు. అక్కడ కామ్ నేరుగా టాపెట్ కప్పు మీద నొక్కుతుంది, సందు సరిచేయాలంటే వేరే మందం కప్పు వేయాలి, దానికి కామ్ విప్పాలి.

గ్యాసు బండ్లకు ఈ పరీక్ష మరీ అవసరం. ఎల్పీజీ, సీఎన్జీ మీద నడిచే ఇంజన్లలో వాల్వు సీటు త్వరగా అరిగి, వాల్వు పైకి లేస్తూ టాపెట్ సందు తగ్గిపోతుంది. సందు ఎక్కువైతే టకటక చప్పుడు చేసి తనే చెబుతుంది. తగ్గితే ఇంజన్ నిశ్శబ్దంగా, హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక సిగ్నల్ దగ్గర మిస్సింగ్ మొదలవుతుంది. ఎందుకంటే వేడికి వాల్వు కాండం సాగి ఉన్న కాస్త సందూ పోతుంది. వాల్వు తన వేడిని సీటుకు ఇచ్చేది మూసుకున్నప్పుడే. అది మూసుకోకపోతే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. అంతదాకా రానిస్తే మాత్రం హెడ్ దింపక తప్పదు.

రెండు పరికరాలూ కలిసి చెప్పేది

లీక్‌డౌన్‌కు ఒక గుడ్డి చోటు ఉంది: టైమింగ్ జారితే దానికి తెలియదు. కామ్ పుల్లీకి 40 పళ్ళున్నాయనుకుంటే ఒక పన్ను జారడం అంటే కామ్ మీద 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18. అంత జారినా పిస్టన్ కంప్రెషన్ కొసన ఉన్నప్పుడు రెండు వాల్వులూ మూసుకునే ఉంటాయి కాబట్టి లీకు కనబడదు. అందుకే కంప్రెషన్ మూడింట్లోనూ సమానంగా తక్కువ, లీక్‌డౌన్ మూడింట్లోనూ బాగు అని వస్తే, అది దాదాపు టైమింగే. మిగిలిన అనుమానాలు కామ్ బొడిపెలు అరగడం, కొలిచేటప్పుడు థ్రాటిల్ తెరవకపోవడం. ఈ జంట ఫలితం ఏ ఒక్క పరికరంతోనూ రాదు.

నిర్ధారణకు బెల్టు ఇంజన్‌లో పై కవర్ విప్పి గుర్తులు చూడటం పెద్ద పని కాదు. క్రాంక్ గుర్తు కుదిరినప్పుడు కామ్ పుల్లీ గుర్తు దాని గీతకు ఎదురుగా ఉండాలి. అర పన్ను తేడాలా కనిపిస్తే కన్ను పక్క నుంచి చూస్తోందేమో సరిచూసుకోండి, నిజంగా జారితే పూర్తి పన్ను తేడా ఉంటుంది. ఇంజన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి మళ్ళీ చూడండి. వెనక్కి తిప్పితే టెన్షనర్ లేని వైపు బెల్టు వదులై, కొత్తగా మనమే జార్చినవాళ్ళం అవుతాం. పన్ను జారిందని తేలితే గుర్తులు కలిపి ఊరుకోవద్దు. ఎందుకు జారిందో చూడాలి: టెన్షనర్ బేరింగ్, దాని స్ప్రింగు, కామ్ లేదా క్రాంక్ ఆయిల్ సీలు కారి బెల్టు నానడం. నూనె తాగిన బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా మార్చాల్సిందే. చైన్ ఇంజన్‌లో చూడటం ఇంత సులువు కాదు, ముందు కవర్ దింపాలి. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్ల గరగర, దానికి తోడు పై జంట ఫలితం ఉంటేనే కవర్ విప్పించండి.

ఓబీడీ రీడర్ ఇక్కడ కొంత సాయం. ఓబీడీ-2 తప్పనిసరి అయిన 2013 తర్వాతి బండ్లలోనే దీని మీద ఆశ పెట్టుకోండి. అంతకు ముందరి మారుతి బండ్లతో చాలా చవక రీడర్లు మాట్లాడవు, అది రీడర్ పాడైనట్టు కాదు. పీ 0016 అనే కోడ్ వస్తే క్రాంక్, కామ్ సెన్సర్ల లెక్క కుదరడం లేదని అర్థం. చైన్ సాగడం, పన్ను జారడం, సెన్సర్ వైరు, వేరియబుల్ టైమింగ్ ఉన్న ఇంజన్‌లో ఆయిల్ కంట్రోల్ వాల్వు, ఏదైనా కావచ్చు. పీ 0301 నుంచి 0303 దాకా ఏ సిలిండర్ మిస్సింగో చెబుతాయి, ఎందుకో చెప్పవు. ముందు కాయిల్, ప్లగ్గు పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. కోడ్ కూడా వాటితో పాటు మారితే ఈ సమీక్ష మీకు అక్కర్లేదు. ఇంకొకటి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో ఉంచినప్పుడు మానిఫోల్డ్ ప్రెషర్ 95 కిలోపాస్కళ్ళు చూపిస్తే సెన్సర్ చెడిపోలేదు, మన ఊరి గాలే అంత.

వ్యాక్యూమ్ గేజ్ గురించి క్లుప్తంగా. పుస్తకాల్లో ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం ఉండాలని రాస్తారు. ఎత్తు వల్ల మనకు అందులోంచి దాదాపు రెండు అంగుళాలు తీసేయాలి. ముల్లు కదలకుండా తక్కువలో నిలిస్తే టైమింగ్ వెనకబడింది, లయగా ఒకే చోట టక్కుమని పడి లేస్తుంటే ఒక వాల్వు కాలింది, రేస్ చేసేకొద్దీ ఊగిసలాట పెరిగితే వాల్వు స్ప్రింగులు నీరసించాయి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ముల్లు సహజంగానే కొంచెం వణుకుతుంది, దాన్ని చూసి బెంబేలెత్తొద్దు. పైపును క్లిప్పుతో కొంచెం నొక్కితే వణుకు తగ్గుతుంది. ఓబీడీలోని మానిఫోల్డ్ అంకె సగటును చూపిస్తుంది కానీ ముల్లు ఆటను చూపించేంత వేగం దానికి లేదు.

కొనే వరస

డబ్బు కొద్దిగానే ఉంటే ముందు కంప్రెషన్ కిట్, మంచి ఫీలర్ గేజ్ తీసుకోండి. ఫీలర్ గేజ్ చవకే, కానీ ఆకులు తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంచాలి. సందు ఎంత ఉండాలి, చల్లగా కొలవాలా వేడిగానా అన్నది మీ మోడల్ మాన్యువల్‌లోదే పాటించండి, ఎవరో చెప్పిన అంకె వద్దు. రాకర్ మూతి గుంట పడి ఉంటే ఫీలర్ ఆకు ఆ గుంట మీదుగా వంతెనలా నిలిచి, ఉన్నదానికన్నా తక్కువ సందు చూపిస్తుంది. కంప్రెసర్ అందుబాటులో ఉందంటే లీక్‌డౌన్ కూడా కొనండి. అందుబాటులో లేకపోతే టెస్టర్ మీరు కొని, గాలి ఉన్న షెడ్డులో మీ ముందే వాడించండి. చాలామంది మెకానిక్‌లు ఒప్పుకుంటారు, కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించినవాళ్ళ దగ్గర హెడ్ దింపించకపోవడమే మంచిది.

ఆన్‌లైన్‌లో కాస్త తక్కువకే వచ్చినా, పైపు కొసన పిన్ను, గేజ్ ముల్లుల సమానం చేత్తో చూసి కొనే వీలు రాణిగంజ్‌లోనే ఉంది. బెల్టు, టెన్షనర్, గ్యాస్కెట్ లాంటి విడిభాగాలకు మాత్రం పుత్లీబౌలి, జాంబాగ్ వైపు వెళ్ళాలి. అడాప్టర్ ఓ-రింగులు త్వరగా గట్టిపడి పగులుతాయి, వాటికి మామూలు రబ్బరు కాకుండా పెట్రోలు, ఆయిల్ తట్టుకునే రకం అడగండి. పాత రింగ్‌ను నమూనాగా జేబులో వేసుకెళ్తే సైజు గొడవ ఉండదు.